గానుగ నూనె రేటు చెప్పగానే కస్టమర్లు వెళ్లిపోతున్నారు. ఎలా మాట్లాడాలో చెప్పండి

పాకాల గానుగ:

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. చెన్నైలో తొమ్మిదేళ్లు ఒక ఫ్యాక్టరీలో మెషిన్ల మెయింటెనెన్స్ చూసుకున్నాను. పోయినేడు వచ్చేసి తిరుపతి కొర్లగుంటలో షాపు అద్దెకు తీసుకుని గానుగ పెట్టాను. రోలు, రోకలి రెండూ దిరిసెన మానువే, మోటారుతో తిరుగుతుంది. వేరుశనగ, నువ్వులు, కొబ్బరి ఆడతాను. గింజలు మా చుట్టుపక్కల రైతుల దగ్గరే కొంటాను. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి మా అమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని చేత్తో ఏరతారు. నూనె విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

అమ్మడమే రావడం లేదు.

నిన్న జరిగింది రాస్తాను. ఒకామె వచ్చారు, యాభై ఏళ్లుంటాయి. బాటిల్ మూత తీసి వాసన చూసి, "మా అవ్వగారింట్లో ఇట్లాగే ఉండేది" అన్నారు. రేటు అడిగారు. లీటరు 380 అన్నాను. "అమ్మో, అంగట్లో 180కే వస్తుంది కదా" అన్నారు. నేను వెంటనే "ఇది ఒరిజినల్ గానుగ నూనె మేడం, కెమికల్ ఉండదు, ఆరోగ్యానికి మంచిది, గుండెకు చాలా మంచిది" అని గబగబా చెప్పేశాను. ఆమె "సరే, చూస్తాను" అని వెళ్లిపోయారు. వారానికి పది మంది ఇట్లాగే వెళ్తున్నారు. ఆ మాట వినగానే నాకు టెన్షన్ వచ్చి గొంతు పట్టేస్తుంది. ఒక్కోసారి వాళ్లు అడగకముందే 20 తగ్గిస్తానని నేనే అనేస్తున్నాను.

ఎక్కువ పోయేది వేరుశనగ నూనె కాబట్టి దాని లెక్కే చెబుతాను. లీటరుకు రెండున్నర కేజీల గింజలు పడతాయి. కేజీ 120 లెక్కన 300. నూనె తీశాక మిగిలే పిప్పి, అదే చెక్క, అమ్మితే 55 తిరిగి వస్తుంది. బాటిల్, లేబుల్ 15, కూలి, కరెంటు 45. అంటే 305 ఖర్చు, 75 మిగులు. నెలకు 210 లీటర్లు పోతోంది. షాపు అద్దె 9,000, బ్యాంకు కంతు 11,000. 350 లీటర్లు పోతే గానీ ఇంటికి ఆరు వేలైనా పట్టుకెళ్లలేను.

రీల్స్ చేసి పెడతామన్న ఒకరికి 18,000 ఇచ్చాను. ఒక వీడియోకు 40 వేల వ్యూస్ వచ్చాయి. ఫోన్లు చేసింది మాత్రం గుంటూరు, హైదరాబాద్ వాళ్లు, కొరియర్ ఛార్జీ చెప్పగానే పెట్టేశారు. ఒక హోటల్ వాళ్లు 60 లీటర్లు అప్పు మీద తీసుకున్నారు. లీటరు 350 వేసి ఇచ్చాను, మొత్తం 21,000. మూడు నెలలైంది. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

రేటు తగ్గించాలా? తగ్గించకపోతే, అంగట్లో తక్కువకే వస్తుందన్న మాటకు ఏమని జవాబు చెప్పాలి? డబ్బులు ఎలా అడగాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రేణిగుంట కుర్రోడు:

అన్నా, రీల్స్ తప్పు కాదు, ఎవరికి చేరుతున్నాయన్నదే లెక్క. ముందు గూగుల్ మ్యాప్‌లో షాపు పెట్టు, ఫోటోలు, టైమింగ్స్ అన్నీ ఎక్కించు. తిరుపతిలో "గానుగ నూనె" అని వెతికేవాడు కొనడానికే వెతుకుతాడు. వాట్సాప్ బిజినెస్ పెట్టుకో. ఒకటి గుర్తుంచుకో, బ్రాడ్‌కాస్ట్‌లో పంపే మెసేజ్ నీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. అందుకని బిల్లు ఇచ్చేటప్పుడే వాళ్ల ఫోన్‌లో నీ నంబర్ సేవ్ చేయించు. రేటు సంగతి అయితే, ఒక నెల 330 పెట్టి జనాన్ని అలవాటు చేసి తర్వాత పెంచితే బాగుంటుందని నా ఆలోచన.

మురుకులక్క, చిత్తూరు:

తమ్ముడూ, కాణిపాకం బ్రహ్మోత్సవాలు కదా, ఆర్డర్ల పనిలో ఉండి ఆలస్యంగా చూశాను. నేను పద్నాలుగేళ్లుగా మురుకులు, నిప్పట్లు చేసి అంగళ్లకు వేస్తున్నాను. నూనె కొనేదాన్ని, సరుకు అమ్మేదాన్ని, రెండు వైపులా తెలుసు. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ముందు రేటు. పైన కుర్రోడు చెప్పిన మ్యాప్, వాట్సాప్ మాటలు వెంటనే చెయ్. 330 మాట మాత్రం వద్దు. నీ లెక్కే చూడు. 50 తగ్గిస్తే లీటరుకు మిగిలేది 25. ఇప్పుడు 210 లీటర్లకు వచ్చే డబ్బే రావాలంటే 630 లీటర్లు అమ్మాలి. మీ అమ్మ అన్ని గింజలు ఏరగలదా? ఇంకా, 330కి అలవాటైనవాళ్లు 380 అనగానే నువ్వు మోసం చేస్తున్నావనుకుంటారు. ఇప్పటిదాకా 380 పెట్టి కొన్నవాళ్లు కూడా అట్లాగే అనుకుంటారు.

ఇక ఆ పెద్దామె సంగతి. ఆమె వాసన చూసి తన అవ్వను తలుచుకున్నప్పుడే నూనె మంచిదని ఆమె మనసుకు తెలిసిపోయింది. ఆమె అడిగింది ఒక్కటే, 180కీ 380కీ మధ్య ఆ 200 ఎక్కడికి పోతోంది అని. నువ్వు దానికి జవాబు చెప్పకుండా గుండె గురించి చెప్పావు. అడిగిన దానికి కాకుండా వేరేదానికి జవాబు వస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. నువ్వు మాకు ఇక్కడ రాసిన లెక్క ఉంది చూడు, రెండున్నర కేజీల గింజలు, 300 రూపాయలు. అది చదవగానే 380 ఎక్కువ కాదని నాకు అర్థమైంది. అదే మాట ఆమెకు ఎందుకు చెప్పలేదు?

నోటితో కూడా చెప్పనక్కర్లేదు. బల్ల మీద ఒక గాజు జాడీలో ఏరిన గింజలు సరిగ్గా రెండున్నర కేజీలు పోసి పెట్టు. పక్కన లీటరు బాటిల్. దాని పక్కన గిన్నెలో ఆ గింజల నుంచి వచ్చిన చెక్క. ఇంకో చిన్న పళ్లెంలో మీ అమ్మ ఏరి పారేసిన బూజు గింజలు. రేటు అడిగితే "380 అమ్మా, ఈ జాడీ గింజలు ఆడితే ఈ బాటిల్ వస్తుంది" అని చూపించి ఆగిపో. ఆ తర్వాత మాట వాళ్లది. వాళ్లు జాడీ చూస్తారు, లెక్క వేసుకుంటారు, ఆ కాసేపు నువ్వు ఏమీ మాట్లాడకు. మనకు టెన్షన్ వచ్చేది ఆ నిశ్శబ్దంలోనే, తగ్గిస్తానని నోరు జారేది కూడా అప్పుడే.

నాకు ఇది ఎట్లా తెలిసిందో చెబుతాను. మొదట్లో సంచిలో ప్యాకెట్లు పెట్టుకుని చిత్తూరు బజారు వీధిలో అంగడి అంగడికీ తిరిగాను. "ఇంట్లో చేసినవన్నా, చాలా రుచిగా ఉంటాయి" అనేదాన్ని. "అందరూ అదే అంటారమ్మా" అని పంపించేశారు. ఒక పూటలో ఎనిమిది అంగళ్లు. తొమ్మిదో అంగట్లో పెద్దాయన మురుకు విరిచి చూసి, "ఎన్ని రోజులు నిలవ ఉంటుంది?" అని అడిగాడు. ఇరవై రోజులన్నా, అప్పటికి మిగిలినవి నేనే వెనక్కి తీసుకుంటాను, డబ్బులు ఇవ్వొద్దు అన్నాను. వెంటనే ఇరవై ప్యాకెట్లు దించమన్నాడు. రుచి గురించి ఆయన ఒక్క మాట కూడా అడగలేదు. మిగిలిపోతే ఎట్లా అన్నదే ఆయన భయం. మిగతా ఎనిమిది మందికీ అదే భయం ఉండి ఉంటుంది, నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను, ఎనిమిది అంగళ్లు ఊరికే పోగొట్టుకున్నానని.

నీ దగ్గరికి వచ్చేవాళ్లకు కూడా ఒక్కొక్కరికి ఒక్కో లెక్క ఉంటుంది. అడిగి తెలుసుకో. "ఇంట్లో ఎంతమందమ్మా? ఇప్పుడు ఏ నూనె వాడుతున్నారు? ఎక్కువగా దేనికి?" ఈ మూడు అడిగితే చాలు. నెలకు ఐదు లీటర్లు వాడే ఇంటామెను మొత్తం గానుగ నూనెకు మారమంటే మారదు, ఆమె బడ్జెట్ ఒప్పుకోదు. "వేపుళ్లకు మీ నూనే వాడండి. తాలింపుకు, కారప్పొడిలో కలుపుకోవడానికి, ఊరగాయకు ఇది వాడి చూడండి, అర లీటరు చాలు" అని చెప్పు. నేనూ అంతే. మురుకులు కాల్చేది రిఫైన్డ్ వేరుశనగ నూనెలో. పిండిలో కాచి పోసేది మాత్రం గానుగ నూనె. కొన్నవాళ్లు అడిగితే ఉన్నదున్నట్టు అదే చెబుతాను. అర లీటరు బాటిల్ 195కి పెట్టు. ఆ పెద్దామె ఆ రోజు 195 ఇచ్చి తీసుకెళ్లి ఉండేది, నాకు నమ్మకం ఉంది.

కొన్నవాళ్ల పేరు, ఎంత తీసుకున్నారు, ఏ తేదీ అన్నది నోటు పుస్తకంలో రాసుకో. అర లీటరు తీసుకున్న ఇంట్లో మూడు వారాలకు అయిపోవస్తుంది. అప్పుడు "అమ్మా, ఈ మంగళవారం కొత్తగా ఆడిస్తున్నాను, మీకు పక్కన పెట్టమంటారా?" అని ఒక్క మెసేజ్ పెట్టు. రోజూ గుడ్ మార్నింగ్ ఫోటోలు పంపొద్దు, నంబర్ బ్లాక్ చేస్తారు.

ఇంకో విషయం, ఇది కొంచెం గట్టిగానే చెబుతున్నాను. గుండెకు మంచిది, కొలెస్ట్రాల్ తగ్గుతుంది, షుగర్ పోతుంది అన్న మాటలు బోర్డు మీద గానీ వీడియోలో గానీ ఉంటే తీసేయ్. ఆహార పదార్థాల ప్రకటనల మీద 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, నిబంధనలు తెచ్చింది, తిండి వస్తువు జబ్బు నయం చేస్తుందని చెప్పుకోకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు చట్టంలో 10 లక్షల దాకా జరిమానా ఉంది. జరిమానా పక్కన పెట్టినా, నీ మాట నమ్మి ఎవరైనా మాత్రలు మానేస్తే ఆ పాపం ఎవరిది? అట్లాగే డబ్బా తెచ్చుకుంటే పోసి ఇస్తున్నావేమో, వంటనూనె విడిగా అమ్మకూడదు. ఎదురుగా ఆడించినా బాటిల్‌లో పోసి, సీల్ వేసి, లేబుల్ అంటించే ఇవ్వు.

పాకాల గానుగ:

అక్కా, రెండు సార్లు చదివాను. గుండె అన్న మాట బోర్డు మీద కూడా ఉంది, రేపే చెరిపిస్తాను. డబ్బాలో పోసివ్వడం కూడా నిజమే, కొందరు పాత క్యాన్లు తెస్తారు. ఆపేస్తాను.

ఒక సందేహం. కొందరు "పలానా చోట కేజీ ఇంతకే ఇస్తున్నారు" అంటారు. నాది లీటరు. అక్కడ తడబడుతున్నాను.

మురుకులక్క, చిత్తూరు:

లీటరు వేరుశనగ నూనె తూస్తే సుమారు 910 గ్రాములు వస్తుంది. కేజీ, లీటరు ఒకటే అని చాలామంది అనుకుంటారు. నీ 380 లీటరుది, కేజీకి వేస్తే దాదాపు 418 అవుతుంది. అది దాచకు. "వాళ్లది కేజీ, నాది లీటరు అమ్మా, తూచి చూపిస్తాను" అని కాటా మీద పెట్టు. రేటు నీదే ఎక్కువని తేలినా పర్వాలేదు. తనకు నష్టమైనా నిజం చెప్పాడు అని గుర్తుపెట్టుకుంటారు. లేబుల్ మీద లీటరుతో పాటు గ్రాములు కూడా వేయించు.

తిరుచానూరు రోడ్డు మెస్:

బ్రదర్, నేను మెస్ నడుపుతాను, కొనేవాడి వైపు నుంచి చెబుతాను. పూరీలకు, బజ్జీలకు రోజుకు పది లీటర్లు పోసే మాలాంటివాళ్లకు 350 నూనె గిట్టుబాటు కాదు. మీరు ఎంత బాగా మాట్లాడినా కాదు. నగదు మీద తీసుకోని హోటల్‌వాడు అప్పు మీద 60 లీటర్లు తీసుకున్నాడంటే, ఆ రోజు వాడికి వేరే నూనెవాడు అప్పు ఆపేసి ఉండొచ్చు. మీరు సంతోషపడి ఇచ్చేశారు. ఇకమీద మెస్‌లకు వెళ్తే ఇడ్లీ పొడిలోకి, పచ్చడి తాలింపుకు అని చెప్పి, వారానికి రెండు లీటర్లు అమ్మండి. అది మేం కొంటాం, టేబుల్ మీద గానుగ నూనె గిన్నె ఉంటే కస్టమర్ అడిగి వేయించుకుంటాడు.

డబ్బు అడగడం గురించి ఉన్నమాట చెబుతున్నా. ఫోన్ చేసేవాళ్లకు మేం రేపు అంటాం. ఎదురుగా వచ్చి నిలబడినవాళ్లకు ఎంతో కొంత ఇస్తాం. మా కూరగాయలాయన ప్రతి సోమవారం నాలుగు గంటలకు వస్తాడు. వర్షం వచ్చినా వస్తాడు. ఆయన డబ్బు నేను ముందే తీసి పెడతాను. మీరు మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్తే ఓనర్ చిరాకు పడతాడు, గల్లాపెట్టె దగ్గర జనం ముందు అడిగితే పరువు పోయిందని ఇంకా మొండికేస్తాడు. భోజనాల రద్దీ తగ్గాక, మూడున్నర నాలుగు మధ్య వెళ్లండి. బిల్లు కాపీ చేతిలో ఉండాలి. "అన్నా, 21,000 ఉంది. ఒక్కసారే కష్టమైతే వారానికి 3,000 చొప్పున ఇవ్వండి, ప్రతి గురువారం ఇదే టైముకు వస్తాను" అని చెప్పండి. గొడవ వద్దు, బతిమాలడమూ వద్దు. గురువారం తప్పకుండా వెళ్లండి. ఒక్క గురువారం మానేసినా మళ్లీ మొదటికి వస్తుంది.

లెక్కల పుస్తకం, చిత్తూరు:

ఆడిటర్ ఆఫీసులో పని చేస్తాను. అన్నా, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలు, వ్యాపారాల కోసం కేంద్రం పెట్టిన నమోదు) ఉందా? లేకపోతే ఈ వారమే చేసుకోండి, ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, ఫీజు లేదు. డబ్బు అడిగే ప్రైవేటు సైట్లు ఉన్నాయి, జాగ్రత్త. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న తయారీదారుకు ఒప్పందం రాసుకుని ఉంటే గరిష్టంగా 45 రోజుల్లో, రాసుకోకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెల నెలా చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి, ఆ గడువులో చెల్లించని సొమ్మును కొన్నవాళ్లు నిజంగా చెల్లించిన ఏడాదిలో తప్ప ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఖర్చుగా చూపించుకోలేరు. చిన్న మెస్‌లు దీన్ని పట్టించుకోవు. ఆడిటర్ ఉన్న పెద్ద హోటల్ అయితే పట్టించుకుంటుంది, మార్చి వచ్చేసరికి వాళ్లే ఫోన్ చేస్తారు.

మీ పాత 21,000కు మెస్ అన్న చెప్పిన దారే మంచిది, సరుకు ఇచ్చేనాటికి మీకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి. ఇకమీద బిల్లు కింద ఉద్యమ్ నంబర్, గడువు తేదీ అచ్చు వేయించండి. అడగడానికి మీకు మొహమాటమైతే బిల్లే ముందు అడుగుతుంది.

పాకాల గానుగ:

నెల దాటింది, ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

జాడీ పెట్టాను. మొదటి రోజే ఒకాయన, బ్యాంకులో పని చేసి రిటైరయ్యారట, జాడీ ఎత్తి చూసి "నిజంగా రెండున్నర కేజీలేనా?" అన్నారు. కాటా మీద పెట్టి చూపించాను. ఆయనే పక్కన ఉన్న ఇద్దరికి లెక్క చెప్పారు, నేను మాట్లాడాల్సిన పనే లేకపోయింది. లీటరు తీసుకెళ్లారు. అందరూ కొంటున్నారని కాదు. రేటు విని వెళ్లిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, కానీ నా అంతట నేను తగ్గించడం మానేశాను. ఈ నెలలో ఒక్కసారి కూడా తగ్గించలేదు.

248 లీటర్లు పోయాయి. అందులో 90 లీటర్ల దాకా అర లీటరు బాటిళ్లే. ఇంకా 350 రాలేదు. నోటు పుస్తకంలో 61 పేర్లున్నాయి. మెసేజ్ పెట్టినవాళ్లలో పందొమ్మిది మంది రెండోసారి తీసుకున్నారు.

ఒక విషయం మీరెవరూ చెప్పలేదు, అనుకోకుండా జరిగింది. తిరుత్తణి నుంచి వచ్చిన ఒక కుటుంబం షాపు ముందు ఆగి లోపల గానుగ చూసి "చెక్కు ఎణ్ణైయా?" అని, అంటే గానుగ నూనేనా అని, అడిగారు. చెన్నైలో ఉన్నాను కాబట్టి తమిళం వచ్చు, అన్నీ వివరంగా చెప్పాను. రెండు లీటర్ల నువ్వుల నూనె తీసుకున్నారు, రేటు గురించి ఒక్క మాట అనలేదు, వాళ్ల ఊళ్లో ఆ రేటు వాళ్లకు తెలుసు. ఏడాది నుంచి నా బోర్డు మీద తెలుగే ఉంది. దర్శనానికి వచ్చే తమిళులు రోజూ ఆ రోడ్డులో పోతూనే ఉన్నారు. మరుసటి రోజే తమిళంలో ఒక లైను రాయించాను.

హోటల్‌కు నాలుగు గురువారాలు వెళ్లాను. మొదటి వారం ఓనర్ లేరన్నారు, అరగంట కూర్చుని వచ్చేశాను. రెండో వారం 3,000. మూడో వారం 2,000. నిన్న నేను వెళ్లేసరికి క్యాషియర్ కవర్ తీసి పెట్టాడు, 3,000 ఉంది. ఇంకా 13,000 రావాలి. ఉద్యమ్ కూడా చేయించాను.

అక్కా, కార్తీకమాసం వస్తోంది. దీపాలకు నువ్వుల నూనె అడుగుతారు. లీటరు 460 పెట్టి దీపానికి ఎవరు కొంటారని భయంగా ఉంది. చిన్న బాటిల్ పెట్టమంటారా?

మురుకులక్క, చిత్తూరు:

చాలా సంతోషం తమ్ముడూ. 200 మిల్లీలీటర్ల బాటిల్ పెట్టు, నెలంతా కాకపోయినా సోమవారాలకు, పౌర్ణమికి కొంటారు. ముందు నువ్వు ఒక ప్రమిదలో 20 మిల్లీలీటర్లు పోసి ఎంతసేపు వెలుగుతుందో గడియారం పెట్టి చూడు. ఒక బాటిల్ ఎన్ని దీపాలకు వస్తుందో ఆ లెక్క బాటిల్ పక్కన రాసి పెట్టు. నాకు కూడా ఐదు లీటర్ల వేరుశనగ పక్కన పెట్టు, వచ్చే బుధవారం తిరుపతి వస్తున్నాను. డబ్బు చేతికే ఇస్తాను.